కాబ్డెన్ ఓవరులో ఔటైన బట్లర్ గురించి కూడా

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల మధ్య 1870లో జరిగిన క్రికెట్ మ్యాచ్‌లో కేంబ్రిడ్జ్ బౌలర్ ఫ్రాంక్ కాబ్డెన్ సాధించిన హ్యాట్రిక్‌ను, దానిపై నేను చదివిన వ్యాసం కళ్లకు కట్టింది గాని, ఆ మూడు వికెట్లలో మొదటివాడైన శామ్యూల్ బట్లర్‌ను ఒక పేరుగా మాత్రమే వదిలేయడం నాకు వెలితిగా అనిపించింది.

1870లో లార్డ్స్ మైదానంలో కేంబ్రిడ్జ్‌పై గెలవడానికి ఆక్స్‌ఫర్డ్‌కు 179 పరుగులు కావాలి. కాబ్డెన్ వేసిన ఆ ఆఖరి ఓవరు మొదలయ్యేసరికి మూడు వికెట్లు చేతిలో ఉన్నాయి, మిగిలినవి నాలుగే పరుగులు. అప్పట్లో ఓవరుకు నాలుగు బంతులే. మొదటి బంతికి హిల్ ఒక పరుగు తీసి అవతలి కొసకు చేరాడు. ఆ తరువాత బట్లర్ క్యాచ్ ఇవ్వగా, బెల్చర్, స్టూవర్ట్ వరుస బంతులకు బౌల్డ్ కావడంతో, హిల్ అక్కడ నిలబడి చూస్తుండగానే కేంబ్రిడ్జ్ రెండు పరుగుల తేడాతో గెలిచింది.

కొలంబోలో పుట్టిన ఈ బట్లరే సరిగ్గా మరుసటి ఏడాది, అదే మైదానంలో, అదే ప్రత్యర్థిపై, ఒకే ఇన్నింగ్స్‌లో 38 పరుగులిచ్చి పదికి పది వికెట్లూ పడగొట్టాడు. మ్యాచ్ మొత్తంలో 15 వికెట్లు తీసి ఆక్స్‌ఫర్డ్‌ను గెలిపించాడు. మూడు బంతుల ఘనత ఇంతగా గుర్తుండిపోయి, పది వికెట్ల ఘనత మరుగున పడడం న్యాయంగా తోచదు. రచయిత బట్లర్ జీవితంపైనా విడిగా ఒక వ్యాసం రాయాలని కోరుతున్నాను.