పాప వచ్చేసింది, పని మాత్రం తెమలలేదు

డెలివరీకి నెల ముందే ఇల్లు అప్పగిస్తామన్నారు. పాపకి ఇవాళ 12వ రోజు, హాల్లో టైల్స్ కోసే మిషన్ ఇంకా మోగుతూనే ఉంది. పుట్టిన బిడ్డ నిమిషానికి 40 నుంచి 60 సార్లు ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరిలోకి, టైల్స్ కోస్తే లేచే, ఊపిరితిత్తులకు చెడు చేసే ఈ సన్నటి సిలికా దుమ్మా? తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. అయినా పొద్దున ఉయ్యాల అంచు మీద తెల్లటి పొడి. వేలితో రాస్తే గీత పడింది. ఏడుపొచ్చేసింది నాకు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది కదా, ఎన్నిసార్లు చెప్పాలి! రాత్రంతా ఏడ్చిన పిల్లకి ఇప్పుడే కునుకు పట్టింది, అంతలోనే డ్రిల్లింగ్. ఉలిక్కిపడి రెండు చేతులూ చాస్తుంది, నా గుండె జారిపోతుంది. ఇంకా రంగులు వేయాలట. ఆ వాసన తలుచుకుంటేనే టెన్షన్.