మెట్ల మలుపులో మెరైన్ ప్లై

బెంగళూరులో థర్టీ ఫార్టీ సైటులో, అంటే ముప్పై బై నలభై అడుగుల స్థలంలో, ఇల్లు కట్టినవాడికి నేల మీద చోటు ఎప్పుడూ చాలదు. పైకి మూడంతస్తులు లేపుతాడు, అదీ చాలక కిందికి తవ్వుతాడు. అలా తవ్విన గదే బేస్‌మెంట్. అందులో పాత సోఫా, ఊడిన కూలరు, పారేయడానికి మనసొప్పని సూట్‌కేసులు కాపురం ఉంటాయి. రామమూర్తినగర్‌లో మా మామయ్య గారి బేస్‌మెంటూ ఆయన రిటైరయ్యేదాకా అలాగే ఉండేది. మేం ఆ ఇంటి పైఅంతస్తులోనే ఉంటాం. తెనాలిలో దీన్ని ఇల్లరికం అంటున్నారట. బెంగళూరు అద్దెలు తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

మామయ్య గారు కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత యూట్యూబ్‌లో ఒక అమెరికా పెద్దాయన తన ఇంటి కింద గదిలో కుర్చీలు, బీరువాలు చేసుకోవడం చూశారు. ఆయన బేస్‌మెంటు మా సైటు కన్నా పెద్దది. మామయ్య గారికి అది ఆనలేదు.

"తెనాలిలో మా ఇంటి ఎదురుగానే వడ్రంగి కొట్టు ఉండేది. చిన్నప్పుడంతా అక్కడే పెరిగాను" అన్నారు.

"నేను పాలవాళ్ల దొడ్డి పక్కన పెరిగాను. గేదె దగ్గరికెళ్తే తన్నింది" అన్నారు అత్తయ్య గారు. ఆ మాట వినడానికి మామయ్య గారు ఇంట్లో లేరు. పనిముట్ల కొట్లుండే ఎస్పీ రోడ్డుకి బయల్దేరిపోయారు.

ఎస్పీ రోడ్డుకి ఒంటరిగా వెళ్లకూడదు. బంక పెట్టిన చెక్కల్ని బిగించి ఉంచే క్లాంపులు నాలుగు తెస్తానని వెళ్లినాయన, రెండు హార్స్‌పవర్ల మోటారున్న టేబుల్ సా, అంటే బల్లకి బిగించిన కరెంటు రంపం, వేసుకుని ట్రాలీ ఆటోలో దిగారు. అదేంటండీ అంటే "కొట్టువాడు తెలుగులో మాట్లాడాడు" అన్నారు. క్లాంపులు మరిచిపోయారు.

ఆ యంత్రం మొదటిసారి ఆన్ చేసినప్పుడు నేను పైన ఆఫీసు మీటింగులో ఉన్నాను. కింద 'గుర్' మంది, పైన వైఫై పోయింది. ఈ ఇంట్లో బేస్‌మెంటు ప్లగ్గు, నా గది ప్లగ్గులు ఒకే ఎంసీబీ మీద, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు మీద, ఉన్నాయని అలా తెలిసింది. మామయ్య గారు ఏమాత్రం తొణక్కుండా పైకొచ్చి నాకు పాఠం చెప్పారు. ఇలాంటి మోటారు తిరిగేటప్పుడు పది ఆంపియర్ల చిల్లరే తీసుకుంటుందట, లేచే క్షణంలో మాత్రం ఐదారు రెట్లు లాగుతుందట. మనం పొద్దున్నే లేవడానికి కాఫీ అడిగినట్టే అది కూడా. ఇంట్లో ఉన్నది బి రకం ఎంసీబీ. దాని రేటింగుకి మూడు నుంచి ఐదు రెట్లు వస్తే చాలు, టక్కున పడిపోతుంది. సి రకమైతే ఐదు రెట్లు దాటేదాకా కదలదు. "మార్పించేద్దాం, ఏం టెన్షన్ పడకండి" అన్నారు. మార్పించేదాకా ఒక ఏర్పాటు చేశారు. యంత్రం ఆన్ చేసే ముందు కింద నుంచి సుత్తితో గోడ మీద మూడు దెబ్బలు కొడతారు, నేను మీటింగులో "ఒక్క నిమిషం" అనాలి. మా మేనేజరుకి ఆ దెబ్బలు అలవాటైపోయాయి. కొట్టని రోజున "ఇవాళ అంకుల్ ఊళ్లో లేరా?" అని అడుగుతుంది.

ఇక పొట్టు. బేస్‌మెంటులో పుట్టిన రంపప్పొట్టు పూజగదిలో తేలేది. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చిందని మా ఆవిడ చదివి వినిపించింది. ఆ రోజు నుంచి మామయ్య గారు ఎన్95 మాస్కు, గాగుల్స్ పెట్టుకుని దిగుతున్నారు. పాలబ్బాయి ఒకసారి చూసి పాల ప్యాకెట్లు గేటు దగ్గరే పెట్టి వెళ్లిపోయాడు.

ఇంత సరంజామా వచ్చినా చెక్క పని మొదలవలేదు. ఎందుకంటే ఏ చెక్క కొయ్యాలన్నా ముందు దాన్ని బిగించి పెట్టడానికి బల్ల ఉండాలి. బల్ల చేద్దామంటే చెక్క కొయ్యాలి. సరే, ముందు బల్లే చేద్దామని నిశ్చయించారు. కాళ్లకి మైసూరు రోడ్డు టింబర్ డిపోలో టేకు తెచ్చారు. పైన పరవడానికి ప్లైవుడ్డు. బేస్‌మెంటు గోడకి అవతల నీళ్ల సంపు ఉంది, వానాకాలం గోడ చెమర్చుతుంది. మామూలు ప్లై అయితే నాలుగు వానలకి పొరలు విచ్చుకుంటుందని ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లై తెప్పించారు. పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం, ఎనిమిదడుగులు బై నాలుగు. బరువు ముప్పై కిలోల పైమాటే. ఎత్తిన నా నడుమే సాక్షి.

పోర్టికో పక్క నుంచి బేస్‌మెంటుకి మెట్లు. సగం దిగాక మలుపు, మిగతా సగం అటు తిరిగి దిగాలి. మామయ్య గారు టేపు పెట్టి ఎనిమిదీ కొలిచారు, నాలుగూ కొలిచారు. రెండూ పడతాయన్నారు. కానీ వాలుగా దించేటప్పుడు చోటు కావలసింది కర్ణానికి. ఎనిమిది బై నాలుగుకి అది తొమ్మిదడుగులకి అంగుళం లోపే తక్కువ. దాన్ని ఎవరూ పిలవలేదు, అదే వచ్చింది.

ఆయన కింద, నేను పైన.

"పట్టుకోండి అల్లుడు గారూ, మెల్లగా."

రెండు మెట్లు దిగాం.

"కాస్త ఎడమకి... పట్టుకో అల్లుడూ..."

ఇంకో మెట్టు.

"ఒరేయ్, వదలకురా!"

నేను వదల్లేదు. వదిలినా ఏమీ అయ్యేది కాదు. పలక పైమూల స్లాబుకి, కిందిమూల రెయిలింగుకి, అంచు గోడకి తగులుకుని బిగిసిపోయింది. గోడ సున్నం పొడిగా రాలుతోంది. ఇటు లాగితే రాదు, అటు నెడితే పోదు. మామయ్య గారు దానికి అవతల, బేస్‌మెంటు వైపు ఉండిపోయారు.

"కోసేస్తే సరి" అన్నాను.

"కోసే యంత్రం కిందే ఉంది కదా?"

"ఉంది."

"దాని మీద పెట్టాలంటే ఇది కిందికి రావాలి కదా?"

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

"పోనీ చేతిరంపంతో..." అన్నాను.

"సెవెన్ టెన్ గ్రేడు అల్లుడు గారూ!" అన్నారు. మళ్లీ 'గారూ' వచ్చిందంటే కోపం వచ్చిందన్నమాట.

అత్తయ్య గారు వచ్చి పలకని, దాని అవతల వినిపిస్తున్న దగ్గుని పరిశీలించారు. "ఏమండీ, మీరు కావాలా, ప్లై కావాలా, నేను తేల్చుకోవాలా?" అని అడిగారు. అవతలి నుంచి జవాబు రాలేదు. కింద ఫోను సిగ్నల్ రాదు, బాత్రూము లేదు, ఉన్న ఒక్క వెంటిలేటరుకీ ఊచలున్నాయి. పైగా ఆయన షుగరు మనిషి, వేళకి తినాలి. పలక కింద మెట్టుకీ దానికీ మధ్య త్రికోణంలో జానెడు సందు. పళ్లెం అందులో పట్టదు. అత్తయ్య గారు చపాతీల్లో బెండకాయ కూర పెట్టి చుట్టి ఒక్కొక్కటే అందించారు. అటు నుంచి పొట్టు అంటిన వేళ్లు వచ్చి మెట్టంతా తడుముకుని, చపాతీ దొరకగానే లోపలికి పోయేవి. తర్వాత కాఫీ గ్లాసు వెళ్లింది. కాసేపటికి ఖాళీ గ్లాసు వచ్చింది, "పంచదార వేయలేదు" అన్న ఫిర్యాదుతో సహా.

ఆ తర్వాత కింద నుంచి 'సర్ సర్' మని చప్పుడు మొదలైంది. చెవి పెట్టి విన్నాం. చిత్రిక పడుతున్నారు! ఇన్నాళ్లూ కూరలకని, కరెంటు బిల్లుకని, మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించడానికని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవాళ్లం. ఇప్పుడు పిలిచినా రాలేరు. "నాన్నా, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చెయ్యనా?" అని మా ఆవిడ అరిస్తే, "ఈ కాలు అయిపోనీ" అని జవాబు.

పక్కింట్లో వార్డ్‌రోబులు చేస్తున్న జోధ్‌పూర్ కుర్రాణ్ణి పిలుచుకొచ్చాను. చెవి మీద పెన్సిలుతో వచ్చి, పలక కేసి చూడలేదు, రెయిలింగు కేసి చూశాడు. స్క్రూడ్రైవరు తీసి దాని స్క్రూలు ఊడదీసి పక్కన పెట్టాడు. పలక ఒక మూల ఎత్తి సగం తిప్పాడు. చల్లగా పైకొచ్చేసింది.

"ఇంత పలక ఇలా ఎందుకు దించారు? చెప్తే షాపులోనే సైజుకి కోసి ఇస్తారు కదా సార్?" అన్నాడు.

మామయ్య గారు గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తి, "నా దగ్గర మెషిన్ ఉంది" అన్నారు.

ఆ కుర్రాడికి మెషిన్ మాట వినగానే ఆసక్తి పుట్టింది. చూడొచ్చా అన్నాడు. ఇద్దరూ దిగారు. అతను టేబుల్ సా నిమిరాడు, టేకు కాలు ఎత్తి ఒంటి కన్నుతో వంకర చూశాడు, వెంటిలేటరు, ప్లగ్గులు లెక్కపెట్టాడు, గోడ తట్టాడు. మెట్ల మీద నుంచి మేమంతా చూస్తున్నాం. మామయ్య గారు తన పనితనం మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్నారు.

"సార్, ఈ రూము అద్దెకిస్తారా?"

మామయ్య గారు నోరు తెరిచేలోపే పై మెట్టు నుంచి అత్తయ్య గారు అందుకున్నారు.

"పది నెలల అడ్వాన్సు. మెషిన్‌కి వేరే."