బొమ్మలో రోగి ఎక్కడ?

కర్నూలు కొత్త బస్టాండ్‌లో దిగి రాజ్‌విహార్ సెంటర్ వైపు వస్తుంటే ఆసుపత్రుల ఫ్లెక్సీలే ఫ్లెక్సీలు. తెల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని నవ్వే డాక్టరు. పక్కన స్కానింగ్ మిషను. కింద డిగ్రీల వరుస. జబ్బుమనిషి మాత్రం కనబడడు. దీన్ని చిన్న విషయంగా నేను చూడలేను. బొమ్మలో చోటు దొరకని మనిషికి డాక్టరు గదిలో కూడా రెండు నిమిషాలకు మించి చోటు దొరకడం లేదు.

ఇది ఈనాటి అలవాటు కాదు. 1632లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ గీసిన, శవాన్ని కోసి చెప్పే పాఠం చిత్రం చూడండి. గీయించుకున్నది ఆమ్‌స్టర్‌డామ్ సర్జన్ల సంఘం. కాబట్టి వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ గుర్తుపట్టేలా ఉంటాయి. బల్ల మీద ఉన్నది దోపిడీ నేరానికి ఉరితీసిన మనిషి శవం, అతని ముఖం మీద నీడ పడి ఉంటుంది. మన దగ్గరా అంతే. సంజీవని ఘట్టం అంటే చేతిలో కొండతో ఆంజనేయుడే. మందు పేరు చెప్పిన సుషేణుడు, మూర్ఛపోయిన లక్ష్మణుడు ఎన్ని గుడి గోడల మీద కనిపిస్తారు?

సీమ పల్లెల్లో మశూచి వస్తే 'అమ్మ పోసింది' అనేవారు. ఆ నమ్మకం ప్రాణం కాపాడలేదు. కాపాడింది 1796లో ఇంగ్లండ్ డాక్టరు జెన్నర్ మొదలుపెట్టిన టీకా. 1980 నాటికి ప్రపంచంలోనే మశూచి లేకుండా పోయింది. కానీ ఆ ఇంట్లో వేపమండల మధ్య పడుకున్న బిడ్డ చుట్టూ ఇల్లంతా తిరిగేది. గట్టిగా మాట్లాడేవారు కాదు, కసురుకునేవారు కాదు. ఆ ఒక్క మర్యాదను మాత్రం మనం టీకాతో పాటు నిలుపుకోవాల్సింది.

నేను మళ్లీ మళ్లీ చూసే బొమ్మ 1891 నాటిది. ల్యూక్ ఫిల్డెస్ గీసిన 'ది డాక్టర్'. ఆ చిత్రకారుడు 1877లో పసికొడుకును పోగొట్టుకున్నాడు. అందులో పేదవాళ్ల గుడిసె. మంచం లేక, ఒకదానికొకటి పోలిక లేని రెండు కుర్చీలు జరిపి బిడ్డను పడుకోబెట్టారు. తల్లి బల్ల మీద తలవాల్చింది. తండ్రి నిలబడి డాక్టరునే చూస్తున్నాడు. డాక్టరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని బిడ్డను చూస్తున్నాడు, అంతే. యాంటీబయాటిక్స్ లేని కాలం, చేయగలిగింది తక్కువ. అయినా బిడ్డ పక్కనుంచి లేచి వెళ్లలేదు.

అదే బొమ్మను 1949లో అమెరికా వైద్యుల సంఘం పోస్టర్లకెక్కించింది. ప్రభుత్వ ఆరోగ్య బీమా వద్దని చెప్పడానికి! పేదబిడ్డ పక్కన కూర్చున్న డాక్టరును పేదలకు బీమా రాకుండా ఆపే పనికి వాడారు. బొమ్మ ఎవరి చేతిలో ఉందనేది అంత ముఖ్యం.

ఏ జబ్బుకు ఏ డాక్టరో పల్లెవాళ్లకు తెలియాలి కదా, రోగి ఫొటో వేస్తే పరువు పోదా అని అడిగేవాళ్లున్నారు. రెండూ న్యాయమైన మాటలే. కానీ ముఖం చూపించాల్సిన పని లేదు. నాడి పట్టుకున్న చెయ్యి చాలు.

అసలు ఫిల్డెస్ బొమ్మ లాంటివి తప్ప, ఏ కాలపు బొమ్మలోనైనా నాకు లోటుగా కనిపించేది తోడు వచ్చిన మనిషి. కర్నూలు పెద్దాసుపత్రికి ఆలూరు, ఆదోని నుంచే కాదు, రాయచూరు వైపు నుంచీ వస్తారు. ఓపీ చీటీకి లైన్లో నిలబడేది, స్ట్రెచర్ తోసేది, సెలైన్ అయిపోతే నర్సమ్మను పిలుచుకొచ్చేది, రాత్రి వరండాలో టవల్ పరుచుకుని పడుకునేది ఆ మనిషే. కూలి పోతుంది, అప్పు అవుతుంది. సగం నర్సు పని చేస్తున్న ఆ మనిషికి పడుకోవడానికి మంచం, శుభ్రమైన బాత్రూం, ఒక పూట భోజనం అడిగితే 'రోగుల బంధువులతో రద్దీ' అంటారు. వైద్య బడ్జెట్ మీద మనం చేసే చర్చల్లో బెడ్ల లెక్క ఉంటుంది, ఆ బెడ్డు పక్కన నేల మీద కూర్చున్న మనిషి లెక్క ఉండదు.

కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నుంచి డాక్టర్లను తయారుచేస్తోంది. అక్కడ మొదటి సంవత్సరం పిల్లలు రోజూ నడిచే దారిలో ఒక గోడ ఇవ్వండి. దాని మీద, మనవడి తల ఒళ్లో పెట్టుకుని వార్డు గుమ్మం వైపే చూస్తున్న ఆలూరు అవ్వను గీయించండి.