పాలాభిషేకాలు సరే, లైన్‌మన్‌కి థ్యాంక్స్ ఎవరు చెప్పారు?

పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు కృతజ్ఞతతో రాసుకోండి, ఒళ్లూ మనసూ బాగుపడతాయి అనే వీడియోలు వాట్సాప్‌లో తెగ తిరుగుతున్నాయి. చాలామంది వాటిని గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల లెక్కలో వేసి డిలీట్ కొట్టేస్తున్నారు. కొట్టేయకండి, అందులో సరుకుంది. అమెరికా సైకాలజిస్టులు రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కలఫ్ 2003లో వేసిన పరిశోధన పేపరే చూడండి. కొందరు విద్యార్థులతో పది వారాలు, వారానికోసారి, తమకు జరిగిన మేలు రాయించారు, ఇంకొందరితో చిరాకులు రాయించారు. మేలు రాసినవాళ్లు ఒంట్లో బాలేదన్నది తక్కువ, వ్యాయామం చేసింది ఎక్కువ. 2024లో 49 వేల మందికి పైగా పెద్ద వయసు నర్సుల మీద వచ్చిన అధ్యయనంలో, కృతజ్ఞత బాగా ఉన్నవాళ్లలో ఆ నాలుగేళ్లలో చనిపోయే ముప్పు 9 శాతం తక్కువని తేలింది. దానివల్లే బతికారని ఖాయంగా అనలేం గానీ, కొట్టిపారేసే లెక్క మాత్రం కాదు.

ఇదంతా కడుపు నిండినోళ్ల కబుర్లు అనేవాళ్లున్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తిరిగే మనిషి దగ్గరికెళ్లి డైరీ రాసుకో అంటే, ‘ఏటి బావుందని రాయమంటావు బాబూ?’ అని అడగడా? అడుగుతాడు, అడగాలి కూడా. కానీ అదే 2003 పేపర్లో నరాలు, కండరాల జబ్బులతో బతుకుతున్నవాళ్ల చేత మూడు వారాలు రోజూ రాయిస్తే వాళ్లకి నిద్ర మెరుగైంది. జబ్బు పోలేదు, నిద్ర పట్టింది. నిద్ర కరువైనోడికి అది చిన్న విషయం కాదు. ఉద్దానంలో మంచినీళ్ల కోసం చేసే పోరాటం ఎలాగూ చెయ్యాల్సిందే, దీనికీ దానికీ పోటీ లేదు.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం ఇంకోటి. ఇంకో అమెరికా సైకాలజిస్టు మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో రకరకాల చిట్కాలు పరీక్షిస్తే, మనసుకి వెంటనే ఎక్కువ ఊపు ఇచ్చింది డైరీ కాదు, మేలు చేసిన మనిషికి ఉత్తరం రాసి, వెళ్లి స్వయంగా ఇవ్వడం. ఆ ఊపు ఓ నెల నిలిచింది, తర్వాత తగ్గిపోయింది. అంటే ఒకసారి చెప్పి ఊరుకుంటే చాలదు, చెబుతూ ఉండాలి, అదీ మనిషికే చెప్పాలి.

మరి మనం ఎవరికి చెబుతున్నాం? ఏదైనా పథకం ప్రకటిస్తే చాలు, సెంటర్లో నాయకుడి ఫ్లెక్సీ లేస్తుంది, దాని మీద లీటర్ల కొద్దీ పాలు పోస్తారు. డబ్బు మన పన్నులదే, పాలు మాత్రం ఆయన బొమ్మకి! ఏ పార్టీ అయినా ఇదే తంతు. మన దగ్గర కృతజ్ఞత ఎప్పుడూ పైకే పారుతుంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చి పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి తోటల్ని పడగొట్టినప్పుడు కరెంటు స్తంభాలు కూడా నేలకూలాయి. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్లు కూలిన చెట్ల మధ్యే స్తంభాలు నిలబెట్టి, వైర్లు లాగి, ఊరూరా లైట్లు వెలిగించి వెళ్లిపోయారు. వాళ్లలో ఒక్కడి పేరైనా మనలో ఎవరికైనా గుర్తుందా? ప్రెస్‌మీట్లు పెట్టినవాళ్ల పేర్లు మాత్రం గడగడా చెప్పేస్తాం.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మర్నాడు పొద్దున్నే మూడు లాంతర్ల నుంచి కోట దాకా నడిచి చూడండి. లక్షల మంది తొక్కిన రోడ్డది. అరటి తొక్కలు, ప్లాస్టిక్ గ్లాసులు, తెగిపోయిన చెప్పులు, వాటిని ఊడ్చుకుంటూ పోయే ఆడవాళ్లు. వాళ్ల పక్కనుంచి బండి హారన్ కొట్టుకుంటూ వెళ్లి, ఇంటికొచ్చి గ్రాటిట్యూడ్ యాప్‌లో ‘ఈ రోజు అమ్మవారి దయ’ అని టైపు చేసేవాడికి ఆరోగ్యం ఎంత బాగుపడుతుందో నాకైతే నమ్మకం లేదు. వాళ్ల జీతం బకాయి పడి ధర్నాకి కూర్చుంటే ట్రాఫిక్ జామైందని విసుక్కునేది కూడా అతనే. ఈసారి పండగ అయ్యాక అధికారులు అభినందన సభ పెడితే, స్టేజీ మీద ముందు వరస కుర్చీలు ఆ ఆడవాళ్లకి వెయ్యమనండి, నాయకులు కింద కూర్చుని చప్పట్లు కొట్టొచ్చు.