సవరణ: దీపం పట్టుకున్న అమ్మాయి రవివర్మ బొమ్మ కాదు

నాకిష్టమైన స్త్రీల చిత్రాల గురించి రాసిన పోస్టులో, మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లోని దీపం పట్టుకున్న అమ్మాయి బొమ్మ రాజా రవివర్మ చిత్రాల వరుసలో ఉంది. దాన్ని గీసింది ఎస్.ఎల్. హల్దంకర్, 1940లలో. రవివర్మ 1906లోనే కన్నుమూశారు. మోడల్‌గా నిలబడింది హల్దంకర్ కూతురే.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది ఆయిల్ పెయింటింగ్ కాదు, వాటర్ కలర్. దీపానికి అడ్డుపెట్టిన చేతివేళ్ల సందుల్లోంచి ఎర్రగా వచ్చే ఆ వెలుగు, ముఖం మీద పడ్డ ఆ పసిమి, అన్నీ నీటిరంగులతోనే! నీటిరంగుల్లో వెలుగు కావాలంటే కాగితం తెలుపును ముందునుంచే కాపాడుకోవాలి. అందుకే ఆ బొమ్మంటే నాకు ఇప్పుడు ఇంకా ఇష్టం.

అదే పోస్టులోని హంస దమయంతి బొమ్మ మాత్రం రవివర్మదే. దాని గురించి రాసినదంతా అలాగే ఉంటుంది.