నేల కార్డులో కనపడని తెగులు

కంది పూత మీదుంది. నిన్నటిదాకా పచ్చగా నిలబడ్డ మొక్క, నేలలో పదునున్నా తల వాల్చేస్తుంది. పీకి, కాండాన్ని నిలువునా చీల్చి చూస్తే లోపల నల్లటి చారలు. రైతు టెన్షన్‌తో మందు డబ్బా తెచ్చి ఆకుల మీద కొడతాడు. శత్రువు కూర్చున్నదేమో వేళ్లలో. ఎండు తెగులు శిలీంధ్రం పాత పంట మోళ్లలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. లేత వేరు దొరకగానే లోపలికి దూరి, నీళ్లు పైకెక్కే దారులు మూసేస్తుంది.

అలాగని వేరు ఊరికే లొంగిపోదు. దాని కొన నుంచి కణాలు రాలుతూ, జిగురుతో కలిసి చుట్టూ తెర కడతాయి. మట్టిలోని శిలీంధ్రం ముందు ఆ జిగురులో చిక్కుకోవాలి. ఆ జిగురులో డీఎన్‌ఏ పోగులు కూడా ఉంటాయి. బఠానీ వేళ్ల మీద చేసిన ప్రయోగంలో ఆ డీఎన్‌ఏను ఎంజైముతో కరిగించేస్తే వేరు కొనకు తెగులు సోకిందని 2009లో తేల్చారు. మన ఒంట్లో తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల మీదికి విసిరేది కూడా ఇలాంటి వలే! ఆ తెర దాటి వచ్చినవాటికి వేరు తన కణాల గోడలను గట్టిపరచి అడ్డం పెడుతుంది. అంతేకాదు, ఆకులు వండిన చక్కెరలో కొంత మట్టిలోకి వదిలి సూడోమోనాస్ వంటి మేలుచేసే బ్యాక్టీరియాను మేపుతుంది. జీతమిచ్చి కాపలా పెట్టుకోవడమే ఇది. పశువుల ఎరువు మొహం చూడని చేలో ఆ కాపలాదారులు ఎందరు మిగులుతారు?

కందిలో జొన్న కలిపి వేసే మన పాత అలవాటు వట్టి చాదస్తం కాదు. అలా వేసిన చోట ఎండు తెగులు తగ్గుతుందని పరిశోధనలూ చెబుతున్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన 'మారుతి' కంది రకం ఎండు తెగులును తట్టుకుంటుంది. 'ఆశ' రకం అయితే దాంతోపాటు, మొక్కను పూత రాకుండా గొడ్డుపరిచే వెర్రి తెగులునూ తట్టుకుంటుంది. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వస్తే అందరం సంబరపడ్డాం. ఆ కంది వేరు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

మట్టిని పరీక్షించి రైతుకిచ్చే భూసార కార్డు 2015లో మొదలైంది. అందులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, జింకు, ఉదజని సూచిక... అన్నీ అవసరమైనవే. కానీ ఆ చేలో కంది ఎన్నిసార్లు ఎండిపోయిందో అందులో ఉండదు. మళ్లీ అక్కడే కంది వేయాలా వద్దా అనుకునే రైతుకు కావలసింది అదే. ఇందుకు ల్యాబు కూడా అక్కర్లేదు. వ్యవసాయ విస్తరణాధికారి గట్టు మీద నిలబడి అడిగి రాసుకుంటే చాలు.

కార్డులో ఆ 13వ గడి చేర్చాలని మేం కోరుతున్నాం. అది నిండిన చేలకు తట్టుకునే రకం విత్తనం ముందుగా అందాలి. తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా కూడా ఇవ్వాలి, అయితే తాజాది. అది ప్రాణమున్న సరుకు. రేకుల షెడ్డులో ఎండాకాలమంతా మగ్గి గడువు దాటిన పొట్లాన్ని సబ్సిడీ మీద అంటగడితే, పశువుల ఎరువులో కలిపి చల్లినా రైతుకు దక్కేది ఉత్త పొడే. ఈ పనులన్నీ మే నెల దాటకముందే జరగాలి. తొలకరి పడ్డాక ఎవరి నాగలి వాళ్లదే.