చనిపోతే కోటి, చదివితే 12,400

2020 మేలో వైజాగ్ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీక్, 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు, 2025 జూన్‌లో పాశమైలారంలో ఇంకో ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు. ఈ మూడింటి వివరాలు అందరికీ తెలిసినవే, మళ్లీ చెప్పను. మూడుచోట్లా చనిపోయినోళ్ల కుటుంబాలకి ప్రకటించింది మాత్రం తలా కోటి రూపాయలే. పార్టీ మారింది, రాష్ట్రం మారింది, ఆ అంకె మారలేదు. ఏళ్ల తరబడి మారని అంకె ఇంకోటి కూడా ఉంది, గేట్ అనే ఎంట్రన్స్ రాసి ఎంటెక్ కెమికల్ ఇంజనీరింగ్‌లో చేరినోడికి నెలకి వచ్చే 12,400 స్టైపెండ్. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేనంటాను.

ఎంటెక్ కెమికల్ క్లాసు ఎలా నడుస్తుందో అందులో కూర్చున్నోళ్లకి చెప్పక్కర్లేదు. ఉద్యోగం కోసం ఐఓసీఎల్, ఓఎన్జీసీ లాంటి ప్రభుత్వ ఆయిల్ కంపెనీలకి గేట్ స్కోర్ పంపించి, ఈలోగా ఇంట్లో ఖాళీగా ఎందుకని సీటు తీసుకుంటారు, కాల్ లెటర్ వస్తే సెమిస్టర్ మధ్యలోనే సర్టిఫికెట్లు వెనక్కి తీసుకుని వెళ్లిపోతారు, రానోళ్లు ఒకపక్క పైథాన్ నేర్చుకుంటూ ఇంకోపక్క థీసిస్ ఎలాగోలా కానిచ్చేస్తారు. బీటెక్ కెమికల్ చేసి అమెరికా ఎక్కినోళ్లలో కూడా చాలామంది ఎంఎస్‌కి డేటా సైన్సే పెట్టుకుంటున్నారు. పిల్లల్ని ఏమీ అనలేం. హాస్టల్ మెస్ బిల్లు కట్టాక 12,400లో ఏం మిగులుతుంది?

టీవీ డిబేట్లలో ఎవరూ మాట్లాడని అసలు విషయం వేరే ఉంది. బీటెక్‌లో రియాక్షన్ ఇంజనీరింగ్ చెప్తారు, కానీ అందులో లెక్కలు ఎక్కువభాగం టెంపరేచర్ మారదు అనుకుని చేసేవే. ల్యాబ్‌లో లీటర్ ఫ్లాస్క్ వేడెక్కితే ఐస్‌లో పెడతారు, చల్లారిపోతుంది. అదే రియాక్షన్ని ప్లాంట్‌లో 5 కేఎల్ (5000 లీటర్ల) రియాక్టర్‌లో వేస్తే వాల్యూమ్ 5000 రెట్లు అవుతుంది, వేడి బయటికి పోవాల్సిన గోడ మాత్రం సుమారు 290 రెట్లే పెరుగుతుంది, అంటే ఒక్కో లీటర్‌కి దొరికే కూలింగ్ ఏరియా 17వ వంతుకి పడిపోయినట్టు. పెళ్లిలో గుండిగ దించిన గంటకి కూడా పప్పు మధ్యలో కాలుతూనే ఉంటుంది కదా, అదే లెక్క. కాకపోతే దించాక పప్పు కొత్తగా వేడి పుట్టించదు, రియాక్షన్ పుట్టిస్తుంది. టెంపరేచర్ పది డిగ్రీలు పెరిగితే చాలా రియాక్షన్ల వేగం ఇంచుమించు డబుల్ అవుతుంది, దాంతో ఇంకా వేడి, దాంతో ఇంకా వేగం, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో తిరిగే బ్రైన్ (చల్లటి ఉప్పునీరు) మాత్రం ఆ స్పీడ్ అందుకోలేదు. ఆ బ్రైన్‌ని చల్లబరిచే చిల్లర్ ఆగిపోతే మన చేతిలో ఉన్నది పది నిమిషాలా ఆరు గంటలా అనేది రియాక్షన్ వేడిని కొలిచే కెలోరీమీటర్‌లో కొలిచి, బ్యాచ్ వేయకముందే చెప్పేవాడు ప్లాంట్‌లో ఒకడుండాలి. అది గైడ్ పక్కన కూర్చుని రెండేళ్లు డేటాతో కుస్తీ పడితే వచ్చే చదువు, షిఫ్ట్ డ్యూటీలో గాలికి అబ్బేది కాదు.

ఎల్జీ పాలిమర్స్ మీద వేసిన హైపవర్ కమిటీ ఏం చెప్పిందో చూడండి. అక్కడ రియాక్షనే నడవట్లేదు, లాక్‌డౌన్‌లో ట్యాంక్‌లో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఊరికే నిల్వ ఉందంతే. టెంపరేచర్ ట్యాంక్ అడుగునే కొలుస్తున్నారు, పైపొరలు వేడెక్కుతున్న సంగతి ఆ రీడింగ్‌లో కనబడలేదు. సాయంత్రం అయ్యేసరికి రిఫ్రిజిరేషన్ ఆపేసేవాళ్లు. స్టైరీన్ తనంతట తనే వేడి పుట్టిస్తూ పాలిమర్ అవకుండా ఆపే టీబీసీ అనే కెమికల్ సరిపడా లేదు. అంతకు కొన్ని నెలల ముందు పైపింగ్ మార్చడంతో లోపల సరిగ్గా కలవడం కూడా ఆగిపోయింది. ఇందులో ఒక్కటైనా కొత్త సైన్స్ ఉందా? అన్నీ ఎంటెక్ మొదటి ఏడాది హోమ్‌వర్క్ లెవెల్ ప్రశ్నలే. 12 మంది చనిపోయిన ఆ నగరంలోనే ఆంధ్రా యూనివర్సిటీ కెమికల్ డిపార్ట్‌మెంట్ 1930ల నుంచి ఉంది. పాశమైలారం ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఉంది. క్యాంపస్ గోడకీ ఫ్యాక్టరీ గోడకీ మధ్య దూరం కిలోమీటర్లలో చూస్తే పెద్దదేం కాదు.

ప్రమాదాలకి కారణం డిగ్రీలు లేకపోవడం కాదు, మెయింటెనెన్స్‌కి డబ్బు పెట్టని మేనేజ్‌మెంట్లు, తూతూమంత్రంగా చేసే ఇన్‌స్పెక్షన్లు అంటారు. సగం నిజమే. కానీ "ఈ బ్యాచ్ ఆపండి" అని గట్టిగా చెప్పాలంటే చెప్పేవాడి దగ్గర లెక్క ఉండాలి, లెక్క లేనోడి మాట ఏ ప్రొడక్షన్ మేనేజర్ వింటాడు?

అసలు హైదరాబాద్ బల్క్ డ్రగ్స్ (మందుల్లో వాడే అసలు కెమికల్స్) పరిశ్రమ ఈ స్థాయికి వచ్చిందే ఇలాంటి చదువుల వల్ల. అంజిరెడ్డి గారు పుణె ఎన్సీఎల్ (నేషనల్ కెమికల్ లాబొరేటరీ)లో కెమికల్ ఇంజనీరింగ్ పీహెచ్‌డీ చేసి, ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇప్పుడు ఆయన పేరు చెప్పి సక్సెస్ స్టోరీలు రాస్తాం, ఆ పీహెచ్‌డీ సంగతి మాత్రం ఒక లైన్లో దాటేస్తాం.

1989 అక్టోబర్ 23న టెక్సస్‌లోని పాసడీనాలో ఫిలిప్స్ పెట్రోలియం వాళ్ల కెమికల్ ప్లాంట్ పేలి 23 మంది చనిపోయారు. వాళ్లలో మేరీ కే ఓకానర్ అనే ఆపరేషన్స్ సూపరింటెండెంట్ ఒకరు. 1995లో ఆవిడ పేరు మీద టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రాసెస్ సేఫ్టీ (కెమికల్ ప్లాంట్లలో ప్రమాదాలు జరగకుండా చూసే సబ్జెక్ట్) సెంటర్ పెట్టారు, ఇప్పటికీ అక్కడ పీజీ స్టూడెంట్లు ఇదే సబ్జెక్ట్ మీద రీసెర్చ్ చేస్తున్నారు. మన దగ్గర మూడు ఘటనల తర్వాత ఏ యూనివర్సిటీలో ఏ సెంటర్ వచ్చింది? అచ్యుతాపురంలో 17 మంది పోయారు, అంటే పరిహారమే 17 కోట్లు. ఆ కుటుంబాలకి అది ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువిచ్చినా తప్పులేదు. కానీ ఒక ఎంటెక్ స్టూడెంట్‌కి స్టైపెండ్ మీద నెలకి 30 వేలు అదనంగా ఇస్తే రెండేళ్లకి అయ్యేది 7.2 లక్షలు, ఆ 17 కోట్లతో రెండు వందల మందికి పైగా చదువుతారు.

మన ప్రభుత్వాలకి పరిశ్రమ అంటే భూమి, ఏ పార్టీ వచ్చినా అంతే. ఎకరం ఎంతకిచ్చాం, నీళ్లెన్ని, కరెంట్ యూనిట్ ఎంత, ఎంఓయూ మీద ఎన్ని వేల కోట్లు, ఇవే ప్రెస్‌మీట్లు. మనుషుల దగ్గరికొస్తే "లోకల్స్‌కి ఉద్యోగాలు" అని ఒక్క లైన్, ఆ ఉద్యోగాలేమో కాంట్రాక్ట్ హెల్పర్లవి. ఇప్పుడు నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్క్ వస్తోంది. ప్లాట్ తీసుకునే ప్రతి కంపెనీ ఏడాదికి ఇద్దరు ఎంటెక్ స్టూడెంట్లని స్పాన్సర్ చేయాలి, థీసిస్ ఆ కంపెనీ సొంత రియాక్టర్ల మీదే ఉండాలి, రిపోర్ట్ కాపీ ఫ్యాక్టరీస్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాలి అని అలాట్‌మెంట్ లెటర్‌లో ఒక్క కండిషన్ పెట్టడానికి కొత్త చట్టం ఏమీ అక్కర్లేదు. వచ్చే గేట్ అడ్మిషన్లకి మొదలుపెడితే, అక్కడ ప్లాంట్లు బ్యాచ్‌లు తీసే టైమ్‌కి మొదటి బ్యాచ్ స్టూడెంట్లు డ్యూటీలో ఉంటారు.